పొద్దు గూకక ముందే: మా అయ్యగార్లకు, సంఘ పెద్దలకు ఒక లేఖ

నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవ సంఘాలను కాస్తున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు ప్రభువు పేరిట వందనాలు.

నేను మిరప రైతును. నాకూ మా ఆయనకూ కలిపి మూడెకరాల పైచిలుకు భూమి ఉంది. ఎకరంన్నరలో మిరప, మిగతా దాంట్లో పత్తి, ఇంటి మందం వడ్లు. పదో తరగతి దాకా మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మీ ముందు నిలబడి పాటలు పాడాను, సాక్ష్యాలు చెప్పాను, స్త్రీల కూడికల్లో ప్రార్థన నడిపించాను. ఒక్క మాట మాత్రం ఎన్నడూ నిలబడి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఒక అయ్యగారి దగ్గరికి పోయి చెవిలో చెప్పుకుంటే నా మనసు తేలికపడేదేమో. కానీ ఇది నా ఒక్కదాని సంగతి కాదనిపించి అందరికీ కలిపి రాస్తున్నాను.

2021–22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. మా తోటను చివరికి దున్నేశాం. ఆ రోజు అయ్యగారు వచ్చి గట్టు మీద నిలబడి మా ఆయన భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆ మేలు నేను మరిచిపోలేదు. మరుసటి ఏడు పంట నిలబడింది. కాయ ఎర్రగా నిగనిగలాడుతూ దిగింది. ఏరడానికి పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. అందులో ఏడుగురు మన సంఘం వాళ్లే.

మిరప ఏరడం ఎట్లుంటుందో చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. పొద్దున సద్ది కట్టుకుని ఎనిమిదింటికల్లా చేలో దిగుతారు. చెట్టు చెట్టుకూ నడుము వంచి, తొడిమె ఊడకుండా పండుకాయ ఒక్కటే తెంపాలి. మధ్యాహ్నానికి వేళ్ల సందుల్లో మంట మొదలవుతుంది. ఇంటికి పోయి మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా రాత్రి దాకా తగ్గదు. చంటిపిల్ల తల్లి అయితే బిడ్డ ఏడుస్తున్నా ముఖం ముట్టుకోవడానికి భయపడుతుంది, ఎక్కడ కంట్లో పడుతుందోనని. ఆ కైకిలి చేసినందుకు ఆ ఏడు మా దగ్గర రోజుకు 250 రూపాయలు.

మొదటి వారం ఇచ్చాను. రెండో వారం నుంచి ఆపాను. చేతిలో పైసలు లేక కాదు. ఉన్న పైసలు మందుల దుకాణం బాకీ కట్టాం, ఎండిన కాయను కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టాం. ధర బాగానే ఉంది, ఇంకా పెరుగుతుందని అందరూ అన్నారు. ఇంకో నెల ఆగితే బస్తాకు ఇంత మిగులుతుందని మా ఆయన లెక్క వేశాడు, నేను తలూపాను. ఏరేవాళ్లతో “అమ్మినంక ఒక్కసారే ఇస్త” అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పరు కూడా. మళ్లీ ఏడాది పనికి పిలవాల్సింది మేమే కదా.

అవి శ్రమల దినాలు, ఈస్టర్‌కు ముందు ఉపవాసాలు ఉండే రోజులు. నేను ఒక్క కూడిక తప్పలేదు. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. ఒక ఆదివారం ఆరాధనలో లేచి పంట సాక్ష్యం చెప్పాను. పురుగు తిన్న ఏడును, ఈ ఏడును పోల్చి, దేవుడు ఎట్లా తిరిగి ఇచ్చాడో కన్నీళ్లతో చెప్పాను. 5,000 రూపాయలు స్తుతి కానుక ఇచ్చాను. సంఘమంతా ఆమేన్ అంది. నా వెనక రెండు వరసల అవతల, అదే చాప మీద, మా తోటలో ఏరే ఒక అక్క కూర్చుని ఉంది. ఆమె కూడా ఆమేన్ అంది. ఆమెకు నేను పద్దెనిమిది రోజుల కూలి, 4,500 రూపాయలు ఇవ్వాల్సి ఉంది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆమె నన్ను ఆపింది. “చిన్నమ్మా, మోకాలు వంగుతలేదు, హన్మకొండ దవాఖానకు పోదామంటే...” అని మిగతా మాట మింగేసింది. “ఇంకొక్క పదిహేను రోజులు ఆగక్కా” అన్నాను. ఆమె సరేనంది. నేను ఇంటికి వచ్చి ఆదివారం కోడికూర వండాను.

అయ్యగారూ, ఆ ఏడు సంవత్సరాంతపు రాత్రి ఆరాధనలో మీరు నా పేరు చెప్పి “విశ్వాసంలో ఎదిగిన సహోదరి” అన్నారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మీకు కనిపించింది మీరు చెప్పారు. కూడికలకు వస్తున్నాను, పాడుతున్నాను, ఇస్తున్నాను. నా ఎదుగుదలను కొలవడానికి మీ చేతిలో ఉన్న కొలతలు అవే. నా బాధ ఆ కొలతల గురించే.

నన్ను ఆపింది ప్రసంగం కాదు. మా అత్త. ఆమెకు చదువు రాదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను బైబిల్లో ఒక అధ్యాయం చదివితే, మంచంలో పడుకుని వింటుంది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే అదే. ఏడాదిలో బైబిలంతా పూర్తి చేయాలని ఒక పట్టిక పెట్టుకుని చదువుతున్నాను. ద్వితీయోపదేశకాండం నడుస్తోంది. నిజం చెప్పాలంటే పట్టికలో గీత కొట్టడం కోసం గబగబా చదువుతున్నాను. ఇరవై నాలుగో అధ్యాయంలో కూలివాడి మాట వచ్చింది. బీదవాడైన కూలివాడి కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలి, పొద్దు గూకక ముందే ఇవ్వాలి, అతను దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని. చదివేసి తర్వాతి వచనానికి పోతున్నాను.

“ఆగు బిడ్డా” అంది మా అత్త. “పొద్దు గూకక ముందే ఇయ్యాలన్నడా?”

“అవునత్తా.”

“మరి మనం ఇచ్చినమా?”

ఆ తర్వాత నేను చదవలేకపోయాను. మా ఆయన బీడీ ముట్టించుకుని వాకిట్లోకి పోయాడు. అత్త ఇంకేమీ అనలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. ఆమె ఆరోపించడానికి అడగలేదు. ఆమె చిన్నతనంలో తల్లితోపాటు కైకిలికి పోయింది. సాయంత్రం పటేలు వాకిట్లో నిలబడి గింజల కోసం ఎదురుచూసింది. కూలి రాని రాత్రి ఇంట్లో పొయ్యి ఎట్లుంటుందో ఆమెకు తెలుసు. అందుకే ఆ వచనం ఆమెకు వినిపించింది. మిషన్ హాస్టల్లో చదివి, ముప్పై ఏళ్లు బైబిల్ పట్టుకుని తిరిగిన నాకు వినిపించలేదు.

రెండు రోజులకు నాలుగు బస్తాలు ఉన్న ధరకే అమ్మి, పదకొండు మంది ఇళ్లకు నేనే పోయి ఇచ్చాను. మోకాళ్ల అక్క పైసలు లెక్కపెట్టి కొంగున ముడేసుకుని “కూసో, చాయ్ తాగిపో” అంది. ఆ చాయ్ తాగడం నాకు చాలా కష్టమైంది. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను నాలుగంతలు ఇవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను, అదీ ఆలస్యంగా. ఆమె దవాఖానకు పోయి వచ్చింది గానీ, ఆ నెల రోజుల నొప్పిని నేను వాపసు తీసుకోలేను.

అప్పటి నుంచి ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఇది బయటపడకుండా నేను ఇంకో ముప్పై ఏళ్లు మంచి విశ్వాసిగానే మీ మధ్య ఉండగలిగేదాన్ని. మన సంఘాల్లో నన్ను అడిగే మనిషి ఎవరూ లేరు. ఆదివారం రాకపోతే అడుగుతారు. ప్రార్థన కూడిక ఎప్పుడు పెట్టించుకుంటారని అడుగుతారు. ఇంటికి వచ్చినప్పుడు ఆరోగ్యం ఎట్లుంది, పిల్లలు ఏం చదువుతున్నారు అని అడుగుతారు. “అమ్మా, కైకిలోళ్ల పైసలు ఇచ్చినవా?” అని ఎవరూ అడగరు. అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది. వచ్చినా అడగాల్సింది.

కాజీపేటలో నా హాస్టల్ స్నేహితురాలు ఉంది. వాళ్లు కథోలికులు, ఫాతిమా మాత గుడికి పోతారు. క్రిస్మస్‌కు ముందు, ఈస్టర్‌కు ముందు వాళ్లు గురువుల దగ్గర పాపసంకీర్తనం చేస్తారు, అంటే చేసిన పాపాలు చెప్పి ఒప్పుకుంటారు. మన బోధ వేరు, మనం నేరుగా దేవుని దగ్గరే ఒప్పుకుంటాం, అది నాకు తెలుసు. కానీ ఆమె ఒకసారి అన్న మాట నాకు గుచ్చుకుంది. “మీరు ఎవరి ముందు ఒప్పుకుంటరే?” అంది. దేవుని ముందు అన్నాను. “ఒప్పుకుంటరా మరి?” అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఒకరి తప్పు ఒకరితో ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయమని యాకోబు పత్రికలో ఉంది. అదే పత్రికలో, పొలం కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొరపెడుతుందని కూడా ఉంది. అంతా ఐదో అధ్యాయమే. రోగులకు నూనె రాసి ప్రార్థన చేసే వచనాలూ అందులోవే. వాటిని మనం నెలనెలా చదువుతాం. పైన ఉన్న కూలి వచనాన్ని మన సంఘంలో ప్రసంగానికి తీసుకోగా నేను ఒక్కసారీ వినలేదు.

ఇది మన సంఘాలకు కొత్త బోధ కాదు. మనకు దగ్గర్లోనే డోర్నకల్ ఉంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు అక్కడే ఉండి పనిచేశారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. తిరునెల్వేలి వైపు తమిళ మనిషి, ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ల చేతా వాళ్ల నెత్తి మీద వాళ్లే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట చెప్పించేవాడని అంటారు. అక్షరం రాని కూలివాళ్లతో చెప్పించిన మాట అది. వాళ్లు మైకు పట్టుకుని ఏం ప్రకటిస్తారు? వాళ్ల బతుకుతోనే ప్రకటించారు. తాగుడు మానారు, పోట్లాటలు తగ్గాయి, ఇంట్లో భార్యను కొట్టడం తగ్గింది, పిల్లలను బడికి పంపారు. మాల మాదిగ వాడల్లో ఆ మార్పు కళ్లారా చూసి, తర్వాత ఊళ్లోని వేరే కులాల వాళ్లు కూడా సంఘంలోకి వచ్చారని ఆ కాలం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. వాళ్లు గుడిలోకి వచ్చి ప్రసంగం విని మారలేదు. తమ పొలంలో పనిచేసే మనిషిని సోమవారం నుంచి శనివారం దాకా చూశారు.

1939లో ప్రతిష్ఠ చేసిన ఆ డోర్నకల్ గుడిని మనలో చాలామంది చూసే ఉంటారు. గుమ్మటాలు, మినార్లు, మండపంలాంటి స్తంభాలు. చుట్టూ ఉన్న మనుషులు ఏవి కట్టుకుని మొక్కుతున్నారో వాటి పోలికలోనే ఆయన గుడి కట్టించాడు. మన విశ్వాసం ఊరికి పరాయిది కాకూడదని ఆయన తపన. ఊరికి పరాయి కాకుండా ఉండటం అంటే గోడల సంగతే అనుకుని ఊరుకుంటే ఎట్లా? మన వాకిట్లో కాంటా పెట్టినప్పుడు, గట్టు పంచాయితీలో నిలబడినప్పుడు మనం ఎట్లుంటామో పక్కింటి వాళ్లు చూస్తారు. మన పాటలు వాళ్లకు వినిపిస్తాయి, కానీ మన గురించి ఇంట్లో మాట్లాడుకునేది మన కాంటా గురించే.

మెదక్ గుడి కూడా గుర్తొస్తుంది నాకు. 175 అడుగుల గోపురం అని చెప్పుకుంటాం, ఫోటోలు దిగుతాం. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. కానీ ఆ గుడి కట్టిన కథలో నాకు ఇష్టమైంది కరువు సంగతి. తిండి లేక చనిపోతున్న జనానికి పని పెట్టి, తిండి పెట్టి మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించారు. ఊరికే పంచిపెట్టలేదు, పని ఇచ్చి అన్నం పెట్టారు. ఆకలితో వచ్చిన మనిషి తలెత్తుకుని నిలబడేటట్టు చేశారు. మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద గుడి కూలివాళ్ల కడుపు నింపి లేచిన గుడి. అలాంటి గుడుల నీడలో పుట్టిన నేను కూలి బిగబట్టి కానుక వేశాను.

విశ్వాసంలో ఎదగడం గురించి మీరు చాలా ప్రసంగాలు చెప్పారు. నాకు వ్యవసాయం తప్ప వేరే భాష రాదు, అందుకే నాకు తెలిసిన దాంట్లోనే చెబుతాను. మిరప నారు పోసిన నలభై రోజుల దాకా మడిలోనే పెంచుతాం. నీడ, నీళ్లు, మందు అన్నీ అక్కడే చూసుకుంటాం. తర్వాత పీకి చేలో నాటుతాం. నాటిన పది రోజులే గండం. ఎండకు తలవాలుస్తుంది, వేరు పట్టదు, పురుగు మొదట్లోనే కొరికేస్తుంది. ఆ పది రోజులు రైతు ఇంట్లో పడుకోడు. చచ్చిన చోట మళ్లీ మొక్క పెడతాడు. మనం మనుషులతో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తున్నాం. బాప్తిస్మం దాకా ఎంతో శ్రద్ధ. తరగతులు, ప్రశ్నలు, ఉపవాసాలు, తెల్లబట్టలు. బాప్తిస్మం అయిన మరునాడు ఆ పిల్ల షాపులో సేల్స్ పనికి పోతుంది. అక్కడ ఓనరు పాత సరుకు మీద తేదీ మార్చమంటాడు. ఆ పిల్ల ఎవరిని అడగాలి? మన దగ్గర దానికి ఏ కూడికా లేదు. యవ్వనస్థుల కూడికలో పాటలు నేర్పిస్తారు, క్విజ్ పెడతారు. మంచిదే. ఆ పిల్ల టెన్షన్ మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది. కొన్నాళ్లకు తేదీ మార్చడం అలవాటైపోతుంది, ఆదివారం రావడం కూడా అలవాటుగానే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నడుస్తాయి. నాకు జరిగింది అదే కదా.

మార్కు సువార్తలో ఒక చిన్న ఉపమానం ఉంది. రైతు విత్తనం చల్లి పడుకుంటాడు, లేస్తాడు, అది ఎట్లా మొలిచిందో అతనికే తెలియదు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత గింజ. ఎదుగుదల దేవునిది, మనం లాగితే పెరగదు. అందుకని ఒక్క రోజులో మారిపోవాలని నేను అడగడం లేదు. ఆ రైతు పడుకున్నాడు గానీ, కలుపు తీయడం మానేశాడని ఎక్కడా లేదు. పండ్లు కాయని అంజూరపు చెట్టు ఉపమానంలో తోటమాలి అయితే ఇంకో ఏడు ఆగండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అన్నాడు. అయ్యగారూ, నా చుట్టూ తవ్వండి అని అడుగుతున్నాను. తవ్వితే వేరుకు కొంచెం దెబ్బ తగులుతుంది, ఫరవాలేదు.

పొద్దు గూకక ముందు చేయాల్సిన పని బైబిల్లో ఇంకొకటి కూడా ఉంది. కోపం. పొద్దు గూకేదాకా కోపం పెట్టుకోవద్దని ఎఫెసీ పత్రికలో ఉంది. కూలికీ కోపానికీ ఒకటే గడువు. ఇది నేను ఆ రాత్రి తర్వాతే గమనించాను. మా మరిదికీ మాకూ గట్టు దగ్గర మూడు అడుగుల నేల గొడవ ఉంది. నాలుగేళ్లు మాటల్లేవు. ఆ నాలుగేళ్లూ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఒకే వరసలో మోకరించాం. అందరికీ తెలుసు. పెద్దలు ఇరువైపులా చుట్టాలే కాబట్టి ఎవరూ కదిలించలేదు. కూలి ఇచ్చి వచ్చిన వారం నేనే వాళ్లింటికి పోయాను. తోడికోడలు తలుపు తీసింది, మరిది లోపలి నుంచి రాలేదు. ఇప్పుడు బోరు నీళ్ల వంతు గురించి మాత్రం మాట్లాడుకుంటున్నాం. అంతకంటే ముందుకు పోలేదు. అయిపోయిందని సాక్ష్యం చెప్పేటట్టు లేదు. ఇలాంటి సగం సగం సంగతులు చెప్పుకునే చోటు కూడా మనకు లేదు. మన సాక్ష్యాలన్నీ గెలిచినవే. జబ్బు తగ్గింది, వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పొలం రిజిస్ట్రేషన్ అయింది. దేవుడు ఇవన్నీ ఇస్తాడు, నేనూ పొందాను. కానీ “మా మరిదితో ఇంకా కలవలేదు, నా కోసం ప్రార్థన చేయండి” అని లేచి చెప్పే ధైర్యం నాకు లేదు, వినే అలవాటు మీకు లేదు.

కట్నం మాట రాయకుండా ఉండలేను, క్లుప్తంగానే రాస్తాను. కట్నం నేరమని చట్టం 1961లోనే వచ్చింది. మా అమ్మాయి నిశ్చితార్థంలో పైసల పళ్లెం ముందు పెట్టుకుని మనం ప్రార్థన చేశాం. ఇచ్చింది మేమే, తప్పు మాది. కానీ ఆ పళ్లెం అక్కడ ఎందుకుందని అడగగలిగింది ఆ గదిలో ఒక్కరే, ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నాకు ఇంకా కొడుకు ఉన్నాడు. ఆ రోజు వచ్చినప్పుడు దయచేసి కళ్లు తెరిచి మా ముందు ఏముందో చూసి, ఆ తర్వాత ప్రార్థన చేయండి.

ఇవన్నీ చదివి కొందరు ఇది ఆత్మీయం కాదు, లోక సంగతి అంటారు. ఇంకొందరు పైకి అనకపోయినా లోపల అనుకునే మాట కూడా నాకు తెలుసు. కానుకలు వచ్చేది రైతుల దగ్గర్నుంచి, దుకాణాల వాళ్ల దగ్గర్నుంచి, టీచర్ల దగ్గర్నుంచి. వాళ్లను అడిగితే ఇంకో సంఘానికి పోతారు. అది నిజమే. మన మండలంలో ఒక మందిరం నుంచి ఇంకో మందిరానికి పోవడం ఎంత సులువో నేను చూస్తున్నాను. పల్లెల్లో పనిచేసే అయ్యగార్ల ఇళ్లు ఎట్లా గడుస్తాయో కూడా నాకు తెలుసు. కొన్ని నెలలు అమ్మగారు టైలరింగ్ చేసి పిల్లల ఫీజులు కట్టిన సంగతి మన స్త్రీల సమాజంలో అందరికీ తెలుసు. అందుకే ఈ భారం ఒక్క అయ్యగారి మీద పడేయవద్దని పెద్దలను అడుగుతున్నాను. ఆయన నన్ను అడిగినందుకు నేను అలిగి కానుక ఆపితే, పెద్దలు ఆయన పక్కన నిలబడాలి. ఆయన అడగలేకపోతే మీరే అడగండి. మీరు ఈ ఊరివాళ్లు, మీకు ఎవరి బాకీ ఎంతో ఆయనకంటే బాగా తెలుసు.

ఎవరినీ పేరు పెట్టి పది మందిలో నిలదీయమని నేను అనడం లేదు. అది జరిగితే సిగ్గుతో మనుషులు పోతారు, మారరు. నాకు ఏది పనిచేసిందో చెబుతాను. ఒక వాక్యం, దాని పక్కనే ఒక్క ప్రశ్న. మరి మనం ఇచ్చినమా? అంతే. గృహ కూడికల్లో ప్రసంగం సగానికి తగ్గించి, చదివిన మాట ఈ వారం మా పనిలో ఎక్కడ తగులుతుందో మమ్మల్నే మాట్లాడనివ్వండి. ఆటో నడిపే తమ్ముడు, అంగన్‌వాడీలో గుడ్లు పంచే అక్క, మహిళా సంఘం లెక్కలు రాసే పిల్ల, కైకిలికి పోయే అవ్వ అందరూ. చదువు రానివాళ్లను ముందు మాట్లాడించండి. వాళ్ల చెవులు మా కంటే తెరిచి ఉన్నాయని మా ఇంట్లోనే చూశాను. ఇంటికి వచ్చినప్పుడు కుర్చీ వేసిన చోటే కూర్చోకుండా, మా చేలోకి ఒకసారి రండి. ఏరేవాళ్లతో మాట్లాడండి. మేము వాళ్లతో ఎట్లా మాట్లాడతామో వినండి. హన్మకొండ, హైదరాబాద్ హాస్టళ్లకు పోయిన పిల్లలకు నెలకొకసారి ఫోన్ చేసి, చర్చికి పోతున్నావా అన్న ప్రశ్నతో ఆపకుండా, అక్కడ నీకు ఏది కష్టంగా ఉంది అని అడగండి.

మా ఇంట్లో ఈ రెండేళ్లలో మారింది ఒకటే. శనివారం సాయంత్రం కాంటా అయ్యాక, ఏరేవాళ్లు చేతులు కడుక్కునేలోపు వాకిట్లో చాప వేసి కూలి లెక్కపెట్టి ఇస్తాం. రోజూ ఇవ్వమని వాక్యంలో ఉంది. మేము వారానికి ఇస్తున్నాం, వాళ్లే అట్లా అడిగారు, చిల్లరైతే ఇంట్లో నిలవదని. రోజుకే కావాలన్న ఇద్దరికి రోజూ ఇస్తున్నాం. ధర పడిపోయినప్పుడు చేబదులు తెచ్చి ఇచ్చాం. మా ఆయన మొదట గొణిగాడు. ఇప్పుడు పొద్దు వాలుతుంటే తనే “పైసలు తెచ్చినవా?” అని అడుగుతున్నాడు. మా అత్త అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కళ్లు కొంగున ముడేసుకుని పోతుంటే చూస్తుంది. ఆమె ఇప్పుడు చాలా బలహీనపడింది. ఇంకో ఏడు చూస్తుందో లేదో తెలియదు.

వచ్చే శుక్రవారం శ్రమల దినాల కూడిక మా ఇంట్లో ఉంది. ప్రతిసారీ ఏడు గంటలకు మొదలుపెడతారు. ఏడింటికి కైకిలోళ్లు రాలేరు. పొయ్యి మీద ఎసరు పెట్టి, చేతుల మంట కాస్త తగ్గేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఈసారి ఎనిమిదిన్నరకు పెట్టండి. ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం తీసుకోమని మనవి. చదివేది నేను. మా అత్తను మంచంతో సహా వాకిట్లోకి తెస్తాం. మోకాళ్ల అక్క కూడా వస్తానంది.

మీ సహోదరి,
నర్సంపేట దగ్గరి ఒక మిరప రైతు